స్వస్తి ‘సవత్‌దీ’ అయిన దారిలోనే ఫుట్‌బాల్ ‘ఫుత్‌బోన్’ అయింది

థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టగానే చెవిన పడే మొదటి మాట ‘సవత్‌దీ’. చేతులు జోడించి, తల కాస్త వంచి అంటారు. అది మన ‘స్వస్తి’యే. చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో భాష చెప్పిన ఫ్రయా ఉపకిత్ సిలపసాన్ అనే పండితుడు 1930లలో దాన్ని పలకరింపు మాటగా మలిచారు. 1943లో ఫిబూన్‌సొంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ అధికారిక పలకరింపు చేసింది. (ఆ ప్రధాని పేరులో ‘ఫిబూన్’ అంటే విపుల, ‘సొంగ్‌ఖ్రామ్’ అంటే సంగ్రామం. ఈ వ్యాసంలో థాయ్ మాటల్లోని ఫ చాలాచోట్ల ఒత్తు ప అని గుర్తుంచుకోండి.)

పలకరింపుగా వందేళ్లు కూడా నిండని మాటే అయినా, సంస్కృత పదం థాయ్ నోట్లో పడితే ఏమేమి జరుగుతుందో అదంతా స్వస్తికి జరిగింది. మొదట్లోని ‘స్వ’ జంట విడిపోయి మధ్యలో చిన్న ‘అ’ దూరింది: స-వ. నడుమ ఉన్న పొల్లు ‘స్’ కాస్తా ‘త్’ అయింది. చివరి ‘తి’ సాగి ‘దీ’ అయింది. విచిత్రమేమిటంటే రాతలో ఆ ‘స’ చెక్కుచెదరలేదు. స అనే రాస్తారు, త్ అని చదువుతారు.

ఇప్పుడు ఇంగ్లీషు మాటల సంగతి చూడండి. స్పెయిన్ ‘సపేన్’, బస్ ‘బత్’, టెన్నిస్ ‘థెన్‌నిత్’, ఫుట్‌బాల్ ‘ఫుత్‌బోన్’, ఈమెయిల్ ‘ఈమేన్’. భోజనం అయ్యాక బిల్లు తెమ్మనడానికి ‘చెక్ బిన్’ అంటారు. తొలిసారి విన్న వాళ్లు నవ్వుకుంటారు. థాయ్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లిన విదేశీ ఉపాధ్యాయులైతే ఇవన్నీ తప్పుల పట్టికలో రాసుకుంటారు. ఆ పట్టికకు అంతు ఉండదు. స్వస్తిని సవత్‌దీ చేసిన లెక్కేదో తెలుసుకుంటే మాత్రం నాలుగైదు సూత్రాల్లో తేలిపోతుంది. దిద్దుబాటు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నోరు ఒక్క ఊపులో పలికే ముక్కను ఇక్కడ ‘పలుకు’ అందాం. థాయ్ పలుకు చివర రాదగిన హల్లులు ఎనిమిదే: ప్, త్, క్, మ్, న్, ఙ్, య్, వ్. అందులో ప్, త్, క్‌లను కూడా విడిచిపెట్టరు. పెదవులో నాలుకో మూసి అక్కడే ఆపేస్తారు, గాలి బయటికి రాదు. ఈ ఎనిమిది కాకుండా ఏ హల్లు చివరికి వచ్చినా, దానికి దగ్గరి చుట్టంగా తోచిన దాన్ని ఆ స్థానంలో కూర్చోబెడతారు. స్, చ్, జ్, డ్, ధ్ అన్నీ త్ అవుతాయి. ల్, ర్ రెండూ న్ అవుతాయి. బ్, ఫ్ రెండూ ప్ అవుతాయి. బయటి నుంచి వచ్చిన మాటల్లోని వ్ కూడా చాలాసార్లు ప్ అవుతుంది.

మన మాటలకు వాళ్లు చేసినదంతా ఇదే. బల ‘ఫొన్’ అయింది. గత రాజు భూమిబల్ పేరును వాళ్లు ‘ఫూమిఫొన్’ అంటారు. నగర ‘నఖోన్’. రాజ ‘రాత్’. ప్రదేశం ‘ప్రథేత్’, అంటే దేశం. బ్యాంకాక్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు క్రుంగ్‌థేప్. అందులోని ‘థేప్’ మన ‘దేవ’. ఒక పద్ధతి ప్రకారం ఇంతమంది దేవతలనూ రాజులనూ మార్చుకున్న నోరు ఒక్క ఫుట్‌బాల్‌ను వదిలిపెడుతుందా?

పైగా ఇది చదువులేని వాళ్ల పలుకుబడి ఏమీ కాదు. బడిలో నేర్పేదే. థాయ్ పిల్లలు చిన్న తరగతుల్లోనే ‘మే కొత్’, ‘మే కొన్’ వంటి పాఠాలు వల్లె వేస్తారు. ‘మే’ అంటే అమ్మ. పలుకు చివర ఒకే ధ్వనిగా తేలే అక్షరాలన్నిటినీ ఒక అమ్మ కిందికి చేరుస్తారు. అమ్మలు ఎనిమిదిమంది, మే కొత్‌కు పిల్లలు ఎక్కువ. చ, జ, ట, డ, త, థ, ద, ధ, ఆపైన శ, ష, స మూడూ ఆమె సంతానమే. మే కొన్ కింద న, ణ, ర, ల, ళ ఉంటాయి. థాయ్ లిపిలో హల్లుల గుర్తులు 44, పలికే హల్లులు 21. భారతీయ లిపుల నుంచి వచ్చిన గుర్తులను పారేయకుండా దాచుకున్నారు, ధ్వనులను మాత్రం కలిపేసుకున్నారు. ఆఫీస్ అనే ఇంగ్లీషు మాటను థాయ్‌లో తాలవ్య శకారంతో ముగించి రాస్తారు. చదివేటప్పుడు ‘ఒప్‌ఫిత్’. చివరి శ త్ అని చదివితేనే చిన్నప్పుడు మార్కులు పడ్డాయి. పదేళ్ల తర్వాత ఇంకో టీచరు వచ్చి ‘చివర స్ అనాలి’ అంటే, ఆ పిల్లవాడి నోరు ఒకటో తరగతి పాఠంతో పోట్లాడాలన్నమాట.

మనం నవ్వే ముందు మన సంగతి కూడా చూసుకోవాలి. తెలుగు అజంత భాష. ఇంగ్లీషు మాట చివర హల్లు ఉంటే దానికి ఓ ఉకారం తగిలించి బస్సు, గ్లాసు, రోడ్డు, బిల్లు చేస్తాం. చిక్కు ఒకటే, పలుకు చివర అలవాటులేని హల్లు. మనం దాని వెనక ఇంకో గది కట్టి కూర్చోబెట్టాం, వాళ్లు తలుపు వేసేశారు. అయితే వినేవాడి వైపు నుంచి చూస్తే తేడా ఉంది. ‘బస్సు’లో స్ వినిపిస్తుంది కాబట్టి వినేవాడు ఎలాగో పోల్చుకుంటాడు. ‘బత్’లో ఆ ఆధారమే లేదు. థాయ్ వాళ్లకు మొదట నేర్పవలసింది పలుకుల చివరలే అనడానికి ఇది చాలు.

ఇక చివరల్లోనే మరో చిక్కుముడి ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను బాగా ఆకట్టుకున్నదీ, ఉపాధ్యాయులు తరచుగా గుర్తించనిదీ అదే. థాయ్ పలుకు తలుపుకు గడియ ఒక్కటే, అంటే చివర ఒక్క హల్లుకే చోటు. ‘ఐ’ అనే ధ్వని మనకు ఒక అచ్చు. వాళ్ల లెక్కలో అది అ + య్. య్ అప్పటికే గడియ పడినట్టు. ఆ తర్వాత మరో హల్లుకు చోటు లేదు. ‘ఔ’ కూడా అంతే, వ్‌తో గడియ పడిపోయింది. అందుకే లైక్, లైన్, లైఫ్, లైట్ నాలుగూ వాళ్ల నోట ‘లై’. స్టైల్ ‘సతై’, ఫైల్ ‘ఫై’, వైన్ ‘వై’, డౌన్ ‘దావ్’. ‘నాకు తెల్ల అన్నం ఇష్టం’ అని ఇంగ్లీషులో చెప్పబోయిన కొత్త విద్యార్థి ‘ఐ లై వై రై’ అంటాడు. ర అలవాటు లేకపోతే ‘ఐ లై వై లై’. ఎదుటివాడికి ఇది లాలిపాటలా వినిపిస్తుంది. విద్యార్థి మనసులో మాత్రం నాలుగు మాటలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

ఉన్నాయనడానికి సాక్ష్యం వాళ్ల రాతే. చోటు దొరకని ఆ హల్లును థాయ్‌లు కొట్టేయరు. రాసి, దాని నెత్తిన చిన్న గుర్తు ఒకటి పెడతారు. ఆ గుర్తు ఉన్న అక్షరాన్ని పలకకూడదు. దాని పేరు ‘థన్‌థఖాత్’. సంస్కృతంలోకి తిప్పితే దండఘాతం, కర్రదెబ్బ! మన పొల్లు గుర్తు అచ్చును మాన్పిస్తే, ఈ కర్రదెబ్బ హల్లునే నోరు మూయిస్తుంది. సోమవారం పేరులోని ‘చంద్ర’కు ద, ర రెండూ రాసి దెబ్బ కొట్టి ‘చన్’ అంటారు. శుక్రవారంలో శుక్రుడి ర కూడా అలాగే దెబ్బ తిని ‘సుక్’ మిగిలింది. లైన్‌లోని న, ఫైల్‌లోని ల, లైక్‌లోని క, అన్నిటి మీదా అదే కర్ర.

ఈ చివరల మూలంగా థాయ్ విద్యార్థుల మీద పడే అన్యాయమైన నింద ఒకటి ఉంది: ‘వీళ్లకు వ్యాకరణం రాదు’. ఇంగ్లీషులో బహువచనమైనా, భూతకాలమైనా, ‘అతను, ఆమె’తో వచ్చే క్రియ అయినా ఎక్కువగా మాట తోకలోని స్, జ్, ట్, డ్‌ల మీద నడుస్తాయి. ‘లైక్స్’, ‘వర్క్‌డ్’, ‘ఆస్క్‌డ్’ వంటి మాటల్లో థాయ్ నోరు మొదట కత్తిరించేది ఆ తోకనే. మరోపక్క థాయ్ భాషలో క్రియ కాలాన్ని బట్టి మారదు, నామవాచకానికి బహువచన ప్రత్యయమూ లేదు. కాబట్టి తోక పోయింది తెలియక పోయిందా, పలకలేక పోయిందా అన్నది వినికిడిని బట్టి తేల్చలేం. తేల్చడానికి ఒక తేలిక మార్గం ఉంది. అదే వాక్యం రాయించడం. రాతలో తోక ఉంటే అది ఉచ్చారణ సమస్య, లేకపోతే వ్యాకరణ సమస్య. ఈ చిన్న పరీక్ష పెట్టకుండా భూతకాలం పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పడం వల్ల ఇద్దరి ఓపికా ఖర్చవుతుంది.

పలుకు మొదట్లో వచ్చే హల్లుల గురించి ఎక్కువగా మాట్లాడతారు గానీ, అక్కడ చిక్కు తక్కువే. థాయ్‌లో శ ధ్వని లేదు, షాప్ ‘చాప్’ అవుతుంది, షిప్ (ఓడ) ‘చిప్’ అయిపోతుంది. జ్ బదులు స్, కాబట్టి జూ ‘సూ’. ఇంగ్లీషు వి అక్షరానికి బదులు పెదవులు గుండ్రంగా చుట్టిన వ. వీసా ‘వీసా’యే గానీ పెదవికి పళ్లు తగలవు. ఈ విషయంలో తెలుగువాళ్లం ఎవరికీ చెప్పే స్థితిలో లేం. మనకూ ఒకటే వ. ఇంకా చెప్పాలంటే థాయ్‌లు మనకన్నా మెరుగైన చోట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లీషులో ‘పెన్’ అనేటప్పుడు ప తర్వాత వచ్చే గాలి తుంపర వాళ్లకు సహజంగా వస్తుంది, మనకు రాదు. ‘బర్డ్’ నడుమ ఉన్న అచ్చుకు దగ్గరిది వాళ్ల భాషలో ఉంది, మన అచ్చుల్లో లేదు.

ర-ల తారుమారు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. జపనీయుల సంగతి వేరు, థాయ్ భాషలో ర, ల రెండూ విడివిడిగా ఉన్నాయి. వార్తలు చదివేవాళ్లు రకారాన్ని నాలుక ఆడించి మరీ పలుకుతారు. వీధిలో మాత్రం ర కాస్తా ల అయిపోతుంది, జంటలో ఉంటే మాయమైపోతుంది. క్రుంగ్‌థేప్ ‘కుంగ్‌థేప్’ అవుతుంది. మగవాళ్లు మర్యాదకు మాట చివర చేర్చే ‘ఖ్రప్’ కూడా ‘ఖప్’ అవుతుంది. అంటే ఆ విద్యార్థికి ర పలకడం వచ్చు, మామూలు మాటల్లో పలికే అలవాటు లేదంతే. ‘వార్తలు చదువుతున్నట్టు అను’ అంటే చాలామంది నోట ర వెంటనే పలుకుతుంది. అది ఇంగ్లీషు ర కాదు, నాలుక మరీ ఎక్కువ ఆడుతుంది. అయినా ల కన్నా వెయ్యి రెట్లు నయం.

స్వరం సంగతి ఇంతకన్నా లోతైనది. థాయ్‌లో ప్రతి పలుకుకూ అయిదు స్వరాల్లో ఒకటి ఉండి తీరాలి: సమం, మంద్రం, దిగుడు, ఎత్తు, ఎక్కుడు. ఇంగ్లీషు మాట థాయ్‌లోకి వచ్చిందంటే దానికీ స్వరాలు కేటాయిస్తారు. ట్యాక్సీలో ‘సీ’కి దిగుడు స్వరం, కంప్యూటర్ చివరి పలుకుకూ అదే, షాపింగ్‌లో ‘పింగ్’కూ అదే. పైగా థాయ్‌లో బలమంతా మాట చివరి పలుకు మీద పడుతుంది. ఇంగ్లీషులో ట్యాక్సీ మొదట బరువు, కంప్యూటర్ నడుమ బరువు, మిగతా పలుకులు నలిగి చిన్నవవుతాయి. ఇంగ్లీషు చెవి మాటను ఆ బరువును బట్టి గుర్తుపడుతుంది. హల్లులన్నీ సరిగ్గా పలికినా బరువు తోకకు జారితే వినేవాడు ‘ఏమిటీ?’ అంటాడు. విద్యార్థి అప్పుడు ఏం చేస్తాడు? చివరి పలుకును ఇంకా గట్టిగా అంటాడు. సంభాషణ అక్కడ చిక్కుకుపోతుంది.

దీనికి మందు కూడా థాయ్‌లోనే ఉంది. ‘సవత్‌దీ’లో మొదటి ‘స’ను గమనించండి. ‘ప్రథేత్’లో ‘ప్ర’ను గమనించండి. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ అకారం నలిగిపోతుంది, స్వరం కూడా చప్పబడిపోతుంది. ఇంగ్లీషు బనానాలో మొదటి ‘బ’, కంప్యూటర్‌లో ‘కం’ సరిగ్గా ఆ తీరే. ‘సవత్‌దీలో స అన్నట్టు అను’ అంటే చాలు, నలిగిన అచ్చు గురించి ఉపన్యాసం అక్కర్లేదు. అయితే థాయ్‌లో నలిగే పలుకు ఎప్పుడూ బరువైన పలుకు ముందే వస్తుంది. టేబుల్, బటన్‌లలో లాగా వెనక నలగడం వాళ్లకు కొత్త. అక్కడ కొంత చాకిరీ తప్పదు.

అలాంటి మరో సొంత సరుకు అచ్చుల పొడవు. తెలుగులో లాగే థాయ్‌లోనూ హ్రస్వ దీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి, చెవి పొడవును కచ్చితంగా పట్టుకుంటుంది. ‘బ్యాగ్’, ‘బ్యాక్’ రెండూ థాయ్ నోట ఒకటైపోతాయి, ఎందుకంటే చివర గ్ రాదు. కానీ ఇంగ్లీషు వాళ్లు కూడా ఆ గ్‌ను గట్టిగా పలకరు. దాని ముందున్న అచ్చును సాగదీస్తారు, చెవి ఆ సాగుడునే పట్టుకుంటుంది. కాబట్టి గ్ జోలికి పోకుండా బ్యాగ్‌లో అచ్చును దీర్ఘం చేయించి, బ్యాక్‌లో కుదిస్తే పని జరుగుతుంది. అలాగే ‘బిల్’ చివర ల్ రాకపోతే న్ బదులు వ్ లాంటి ధ్వని పెట్టించవచ్చు. లండన్‌లో పుట్టిపెరిగిన వాళ్లలో చాలామంది అనేదీ అదే. ‘బివ్’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది, ‘బిన్’ అంటే ఇంగ్లీషులో చెత్తబుట్ట.

పోయిన తోకలను రప్పించడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా చక్కని ఉపాయం పక్కింటికి పంపడం. స్ థాయ్ పలుకు చివర రాదు గానీ మొదట హాయిగా వస్తుంది. ల కూడా అంతే. కాబట్టి ‘రైస్’ను ఒంటరిగా సాధన చేయించకూడదు. దాని పక్కన అచ్చుతో మొదలయ్యే మాట పెట్టాలి: ‘రైస్ ఈజ్’. దాన్ని ‘రై… సీజ్’ అని విడగొట్టి పలికించాలి. ‘రై’ వాళ్లకు వచ్చు, ‘సీ’ వాళ్లకు వచ్చు. తోకకు అచ్చు తోడు దొరకగానే గడియ బాధ పోయింది. తర్వాత ‘లైక్ ఇట్’ను ‘లై… కిట్’ అని, ‘టెల్ అజ్’ను ‘టె… లజ్’ అని. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మాటలను కలిపి పలికేదీ ఇలాగే కాబట్టి ఇది దొంగదారి కూడా కాదు. వారం పది రోజులు ఇలా కలిపి నడిపాక, రెండో మాటను కొద్దికొద్దిగా మెత్తబరుస్తూ పోయి చివరికి మింగేయమనాలి. ‘రై-స్…’ అని గాలి మాత్రం మిగులుతుంది. ముందే ‘స్ అను, స్ అను’ అని వెంటపడితే వచ్చేది ‘రైసా’, లేకపోతే మళ్లీ ‘రై’.

వదిలేయవలసినవీ ఉన్నాయి. నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే ‘థింక్’, ‘దిస్’ ధ్వనుల కోసం అద్దం ముందు గంటలు గడిపిస్తారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అర్థం చెడుతుందో పరిశీలించి, 2000లో భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ ప్రతిపాదించిన ముఖ్యాంశాల్లో ఆ ధ్వనులు లేవు. హల్లుల జంటలు, అచ్చుల పొడవు, వాక్యంలో బరువు పడే చోటు మాత్రం ఉన్నాయి. థాయ్ ఉద్యోగి ఇంగ్లీషులో మాట్లాడేది చాలాసార్లు వియత్నాం వాడితోనో, ఇండోనేషియా వాడితోనో. 2008 చివర్లో అమల్లోకి వచ్చిన ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) చార్టర్ 34వ అధికరణం ఆ కూటమి పని భాష ఇంగ్లీషేనని చెబుతోంది. ఆ బల్ల దగ్గర ‘థింక్’ను ‘టింక్’ అన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ‘లైక్’, ‘లైఫ్’, ‘లైన్’ ఒకటైపోతేనే ఇబ్బంది.

చివరగా, నోటికి సంబంధం లేని అడ్డంకి ఒకటి. థాయ్ వాక్యంలో ‘యాప్పెన్’ అనవలసిన చోట ఎవరైనా అచ్చ ఇంగ్లీషులో ‘యాపిల్’ అంటే పక్కవాళ్లు ‘దత్ చరిత్’ అంటారు. చరిత్ అంటే మన చరితమే, నడవడి. దాన్ని వంచడం అంటే లేనిపోని హొయలు పోవడం. మన ఊళ్లో ‘బస్సు’ అనకుండా దొరల యాసలో ‘బస్’ అని సాగదీసిన వాణ్ని చూసినట్టే చూస్తారు. ఇంగ్లీషు బాగా చదువుకున్న బ్యాంకాక్ వాళ్ల నోట ‘బస్’ చివర స్ వినబడుతోంది నిజమే, అందరూ అలా అనలేరు, అనరు. నలభైమంది తోటి పిల్లల ముందు లేచి నిలబడిన కుర్రాడికి స్ పలకడం చేతకాకపోవడం సగమే కారణం, పలికితే నవ్వుతారన్న బెరుకు మిగతా సగం. అందువల్ల ‘యాప్పెన్ తప్పు, యాపిల్ ఒప్పు’ అనే ఉపాధ్యాయుడు చేజేతులా పని చెడగొట్టుకుంటాడు. యాప్పెన్ థాయ్ మాట, థాయ్‌లో అదే ఒప్పు. యాపిల్ ఇంగ్లీషు మాట. రెండింటినీ రెండు మాటలుగా పక్కపక్కన రాసి చూపించాలి.

నేనైతే ఆ రాతను థాయ్ లిపిలోనే మొదలుపెడతాను. లైన్, వైన్, ఫైల్, లైక్, డౌన్ అని నల్లబల్ల మీద వాళ్ల అక్షరాల్లో వాళ్లచేతనే రాయించి, రాసినవి రాసినట్టు చదవమంటాను: లై, వై, ఫై, లై, దావ్. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, చివరి అక్షరం నెత్తిన ఉన్న ఆ కర్రను వేలితో తుడిచేయమంటాను. కింద న, న, ల, క, న మిగులుతాయి. ఇప్పుడు చదవమంటాను.